బాస్ గిటార్‌కి పదివేల లోపు మోడలింగ్ ప్రీయాంప్: ఏది తీసుకోవాలి?

హంద్రీ_బాస్ (కర్నూలు) · గురువారం రాత్రి 10:42

అన్నలకి, అక్కలకి నమస్కారం. మాది కర్నూలు, కల్లూరు వైపు. నాలుగేళ్లుగా బాస్ వాయిస్తున్నా. గిటార్ యమహా టీఆర్‌బీఎక్స్ 174. ఆదివారం చర్చిలో వాయిస్తా, అప్పుడప్పుడు ఒక చిన్న ఆర్కెస్ట్రాతో రిసెప్షన్లకి వెళ్తా. సొంత యాంప్ లేదు. గిటార్ నుంచి పీ-38 జాక్ (గిటార్లకి వాడే లావు పిన్ను) నేరుగా మిక్సర్‌లోకే.

వచ్చే సౌండ్ గురించి ఏం చెప్పను. ఖాళీ డబ్బా మీద దుప్పటి కప్పి కొట్టినట్టు ఉంటుంది. బాస్ వినపడటం లేదంటే సౌండ్ అన్న లో నాబ్ తిప్పుతాడు. అప్పుడు బాక్సులు గుర్రుమంటాయి గానీ ఏ నోటు వాయిస్తున్నానో నాకే తెలియదు.

యాంప్ మోడలింగ్ (పెద్ద యాంప్‌ల సౌండ్‌ని అనుకరించడం) ఉన్న ప్రీయాంప్, అంటే మిక్సర్‌కి ముందు సౌండ్‌ని సరిదిద్దే పెట్టె, పెడితే బాగుపడుతుందని వీడియోల్లో చూశా. బడ్జెట్ పదివేలు, అంతకు మించి ఒక్క రూపాయి లేదు. బెరింగర్ బీడీఐ21, జూమ్ బీ1 ఫోర్, న్యూక్స్ వాళ్ల ఎంఎల్‌డీ, ఈ మూడు చూశా. చూసేకొద్దీ టెన్షన్ ఎక్కువైంది. ఏది తీసుకోమంటారు?

నాలుగు_తంతులు (తాడిపత్రి) · గురువారం రాత్రి 10:58

బీడీఐ21 కళ్లు మూసుకుని తీసుకో తమ్ముడూ. నాలుగు వేల చుట్టుపక్కల దొరుకుతుంది. టెక్ 21 వాళ్ల సాన్స్‌యాంప్ బాస్ డ్రైవర్ అని 90ల మొదట్లో వచ్చిన పెడల్ ఒకటుంది, ఆ దారిలోనే చేసిన చవక డబ్బా ఇది. ఆరు నాబ్‌లు, ఒక స్విచ్. పక్కనే ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ (మైక్ కేబుల్ దూరే మూడు పిన్నుల సాకెట్), నేరుగా మిక్సర్ మైక్ చానల్‌లోకి వెళ్లిపోతుంది. డబ్బా ప్లాస్టిక్‌ది. దాని మీద ఎక్కి తొక్కకుండా చూసుకుంటే చాలు.

మిగిలిన డబ్బుతో మంచి తంతుల సెట్టు, పది మీటర్ల మైక్ కేబుల్ కొనుక్కో.

లోఎండ్_కడప (కడప) · గురువారం రాత్రి 11:20

తాడిపత్రి అన్న చెప్పింది నిజమే గానీ అది డిజిటల్ మోడలింగ్ కాదు. అది అనలాగ్ సర్క్యూట్. ఒకే ఒక్క రకం యాంప్ సౌండ్‌ని అనుకరిస్తుంది. నచ్చితే పండగ, నచ్చకపోతే ఇంకో దారి లేదు.

జూమ్ డిజిటల్. అందులో యాంప్‌లు, స్పీకర్ క్యాబినెట్‌లు, కంప్రెసర్, కోరస్ ఎఫెక్ట్ అన్నీ ఉంటాయి, ఒకేసారి ఐదు దాకా వరసగా పెట్టుకోవచ్చు. ట్యూనర్, డ్రమ్ రిథమ్‌లు, 30 సెకన్ల లూపర్ (వాయించింది రికార్డు చేసి తిప్పి తిప్పి వినిపించేది) అదనం. హెడ్‌ఫోన్ పెట్టుకుని రాత్రి పన్నెండింటికి కూడా సాధన చేసుకోవచ్చు. నేను రెండేళ్లు దాంతోనే నేర్చుకున్నా. లోటు ఒక్కటే, ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ లేదు.

న్యూక్స్ మంచిదే. ఐఆర్‌లు (నిజమైన క్యాబినెట్‌ల సౌండ్ ముద్రలు) లోడ్ చేయొచ్చు, యూఎస్‌బీ పెట్టి రికార్డింగ్ చేసుకోవచ్చు, డీఐ, అంటే మిక్సర్‌కి నేరుగా వెళ్లే మూడు పిన్నుల అవుట్, ఉంది. కొత్తది నీ పదివేలలో రాదు. సెకండ్‌హ్యాండ్ దొరికితే చూడు.

సౌండ్‌బాక్సు (అనంతపురం) · గురువారం రాత్రి 11:47

నేను వాయించేవాడిని కాదు, మిక్సర్ ముందు కూర్చునేవాడిని. అయినా చెప్తా. ఏ డబ్బా కొనాలో తర్వాత చూద్దాం. ముందు రేపు పొద్దున వెళ్లి రెండు పనులు చేయి.

ఒకటి. నీ జాక్ ఏ చానల్‌లో పెడుతున్నారో చూసి, ఆ చానల్‌లో లోకట్ బటన్ నొక్కి ఉందేమో చూడు. 80 అనో 100 అనో రాసి ఉంటుంది. మైకులకి అది నొక్కే ఉంచుతాం, లేకపోతే ఊపిరి శబ్దాలు, స్టాండ్ తన్నిన శబ్దాలు వస్తాయి. నీ లావు తంతి ఓపెన్ కొడితే 41 హెర్ట్జ్. దాని పై తంతి 55. ఆ బటన్ నొక్కి ఉంటే నీ అడుగు సగం అక్కడే తెగిపోతుంది. ఆ తర్వాత లో నాబ్ ఎంత తిప్పినా లాభం లేదు.

రెండు. నీది పాసివ్ గిటార్, లోపల బ్యాటరీ లేదు. అలాంటి గిటార్ పికప్‌కి (తంతుల కింది అయస్కాంతపు మైకు లాంటిది) ఎదురుగా ఒక మెగా ఓమ్, అంటే పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్ అయితే మామూలుగా పది, ఇరవై వేల ఓమ్‌లు. అంటే నీ పికప్ మీద బండరాయి పెట్టినట్టే. పైన ఉండే చురుకు మొత్తం పోతుంది. నువ్వు చెప్పిన దుప్పటి అదే. పైగా గిటార్ నుంచి మిక్సర్ దాకా కేబుల్ ఎంత పొడవు?

హంద్రీ_బాస్ (కర్నూలు) · శుక్రవారం ఉదయం 7:05

అన్నా, కేబుల్ పదిహేను మీటర్లు ఉంటుంది. మిక్సర్ వెనక గోడ దగ్గర, మేం ముందర.

సౌండ్‌బాక్సు (అనంతపురం) · శుక్రవారం ఉదయం 7:31

అయిపోయింది. పాసివ్ గిటార్‌కి పదిహేను మీటర్ల మామూలు కేబుల్ అంటే అదే ఒక టోన్ కంట్రోల్. కేబుల్‌కి కెపాసిటెన్స్ ఉంటుంది, పొడవు పెరిగేకొద్దీ ట్రెబుల్ తినేస్తుంది. పైగా దారిలో సీరియల్ లైట్ల వైర్లు, ఫ్యాన్ల వైర్లు. హమ్ రాకపోతే ఆశ్చర్యపోవాలి.

నీ కాళ్ల దగ్గర ఏదో ఒక బఫర్ (పికప్ మీద భారం పడకుండా చూసేది) ఉన్న పెట్టె ఉండాలి, అక్కడి నుంచి బ్యాలెన్స్‌డ్ (దారిలో హమ్ అంతగా పట్టని) మైక్ కేబుల్ పోవాలి. ఇది జరిగితే నీ సమస్యలో ముప్పాతిక భాగం పోతుంది. పెట్టె పేరు బెరింగరా, జూమా అన్నది మిగతా పాతిక.

రిటైర్డ్_రిథమ్ (గుత్తి) · శుక్రవారం ఉదయం 9:15

పిల్లోళ్లందరూ పెట్టెల పేర్లు చెప్తున్నారు. నేను ఆర్కెస్ట్రాల్లో ముప్పై ఏళ్లు వాయించా నాయనా. మా కాలంలో కీబోర్డ్ కోసం తెచ్చిన యాంప్‌లోనే బాస్ కూడా దూర్చేవాళ్లం. ప్రీయాంప్ అన్న మాటే వినలేదు. తంతులు ఎప్పుడు మార్చావు? కొన్నప్పుడు ఉన్నవేనా?

టోన్ నాబ్ మొత్తం తెరిచి, వేళ్లు నెక్ దగ్గర కాకుండా బ్రిడ్జి వైపు నాలుగు వేళ్లు జరిపి వాయించు. సగం పెడల్ అక్కడే ఉంది.

సరే, కొంటానంటే కొనుక్కో. కానీ ఒకటి చెప్పు. వారంలో చర్చిలో ఎన్ని గంటలు, ఇంట్లో ఎన్ని గంటలు వాయిస్తావు? ఇంట్లో దేనిలో వాయిస్తావు?

హంద్రీ_బాస్ (కర్నూలు) · శుక్రవారం మధ్యాహ్నం 1:40

పెద్దాయనా, తంతులు కొన్నప్పటివే. సిగ్గుగా ఉంది.

చర్చిలో వారానికి మూడు గంటలు, శనివారం ప్రాక్టీసు కలిపి. ఇంట్లో రోజుకి గంట, గంటన్నర. ఇంట్లో దేనిలోనూ వాయించను, ఉత్త గిటారే. నాన్నకి నైట్ డ్యూటీ, పగలు పడుకుంటారు. అందుకే గిటార్ చెక్కకి చెవి ఆనించి వాయించుకుంటా.

లోకట్ చూశాను అన్నా. నొక్కే ఉంది! అది ఇంతకుముందు పాస్టర్‌గారి మైక్ చానల్ అంట. తీసేశాక అడుగు కొంచెం వచ్చింది. దుప్పటి మాత్రం అలాగే ఉంది.

రిటైర్డ్_రిథమ్ (గుత్తి) · శుక్రవారం మధ్యాహ్నం 2:02

చెక్కకి చెవి ఆనించి! ఇది ముందే చెప్పి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు కదరా సామీ. వారంలో పది గంటలు ఇంట్లో, మూడు గంటలు చర్చిలో. నీకు కావాల్సింది హెడ్‌ఫోన్ పెట్టుకునే పెట్టె. కడప అమ్మాయి చెప్పిందే కరెక్టు.

నాలుగు_తంతులు (తాడిపత్రి) · శుక్రవారం మధ్యాహ్నం 2:30

నేను ఒప్పుకోను. స్టేజీ మీద మెనూలు తిప్పుకుంటూ కూర్చుంటే పాట అయిపోతుంది. నాబ్ అయితే చేత్తో తిప్పితే పని అయిపోయె. బీడీఐ21 తీసుకుంటే ఎక్స్‌ఎల్‌ఆర్ తలనొప్పి కూడా లేదు. 9 వోల్టుల చదరం బ్యాటరీ వేసుకుంటే కరెంటు పోయినా నడుస్తుంది. హెడ్‌ఫోన్ కోసం ఫోన్‌లో ఏదో యాప్ పెట్టుకుంటాడు.

సౌండ్‌బాక్సు (అనంతపురం) · శుక్రవారం సాయంత్రం 6:12

తాడిపత్రి అన్న డబ్బాతో నాకున్న ఒకే గొడవ చెప్తా. ఆ డిజైన్‌లో మిడ్ నాబ్ లేదు. బ్లెండ్ నాబ్ (అసలు సౌండ్‌లో యాంప్ సౌండ్ కలిపేది) పూర్తిగా కుడికి తిప్పారంటే మధ్య స్వరాలు లోపలికి పోతాయి. ఒంటరిగా వింటే భలే ఉంటుంది, కింద గుండు, పైన తళుకు. కీబోర్డు, డ్రమ్స్ మొదలవగానే బాస్ మాయం. వాయించేవాడు 'అన్నా పెంచు' అంటాడు, నేను పెంచుతా, బాక్సు గుర్రుమంటుంది. మళ్లీ మొదటికి.

సగం దగ్గర ఆపితే మంచి పెట్టె. మిగతా మిడ్ నేను మిక్సర్‌లో ఇచ్చుకుంటా. అసలు టెక్ 21 వాళ్లే తర్వాత వచ్చిన వెర్షన్‌లో మిడ్ నాబ్ పెట్టారు.

జూమ్‌తో గొడవ వేరే. పిల్లలు పాటకొక ప్యాచ్ (దాచుకున్న సెట్టింగుల కట్ట) చేసుకొస్తారు. ఒక్కోదానికి ఒక్కో లెవెల్. స్విచ్ తొక్కగానే నా మీటర్ ఎర్రగా ఎగురుతుంది. జూమ్ కొంటే చర్చికి ఒక్క ప్యాచ్ చేసుకో తమ్ముడూ. ఒక్కటే.

లోఎండ్_కడప (కడప) · శుక్రవారం రాత్రి 8:50

ఒక్క ప్యాచ్ మాటకి నా ఓటు. నా ప్యాచ్ చెప్తా, హంద్రీ తమ్ముడికి పనికొస్తుంది.

ముందు కంప్రెసర్, కొద్దిగా. గట్టిగా కొట్టిన నోటు, మెల్లగా కొట్టిన నోటు మధ్య తేడా తగ్గేంత. తర్వాత యాంప్ మోడల్. బాస్ యాంప్ మోడల్ ఎక్కడ చూసినా మొదట కనిపించేది 1969లో వచ్చిన యాంపెగ్ ఎస్‌వీటీ నమూనాయే. అసలుది 300 వాట్ల ట్యూబ్ యాంప్, కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న బీరువా. ఇద్దరు మోయాలి. దాన్ని తలుచుకుంటే ఈ చిన్న పెట్టె మీద గౌరవం పెరుగుతుంది. డ్రైవ్ (సౌండ్‌ని గరుకు చేసేది) మాత్రం తక్కువే. ఒంటరిగా వింటే 'కొంచెం గరుకుగా ఉందే' అనిపించాలి. పాటలో కలిశాక ఆ గరుకు వినపడదు, నోటు వినపడుతుంది.

దానికి కారణం ఉంది. చర్చి బాక్సులు 41 హెర్ట్జ్ దాకా దిగవు. ఫోన్ స్పీకర్ సంగతి చెప్పనక్కర్లేదు. మనం వినేది 82, 123 అలా రెండు రెట్లు, మూడు రెట్లు పైన ఉండే స్వరాలనే. అడుగు స్వరాన్ని చెవి తనే ఊహించుకుంటుంది. డ్రైవ్ ఆ పై స్వరాలని పెంచుతుంది. మీ ప్రార్థన యూట్యూబ్ లైవ్ పెడతారా? అయితే తేడా అక్కడ తెలుస్తుంది.

చివర్లో క్యాబినెట్. మిక్సర్‌లోకి వెళ్తే క్యాబ్ ఆన్. ఎప్పుడైనా నిజమైన బాస్ యాంప్‌లోకి పెడితే ఆఫ్. రెండు క్యాబ్‌లు ఒకదాని మీద ఒకటి పడితే మళ్లీ దుప్పటే.

ఫ్రెట్‌లెస్_ఫ్రెండ్ (ప్రొద్దుటూరు) · శుక్రవారం రాత్రి 9:14

ల్యాప్‌టాప్ ఉంటే ఏదీ కొనకు. గిటార్‌ని దానికి కలిపే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్‌లో న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత ప్లగిన్. నిజమైన యాంప్‌ల సౌండ్‌ని కంప్యూటర్‌కి నేర్పించి చేసిన మోడల్స్ జనం ఊరికే పంచుతున్నారు. పదివేల పెట్టెలేవీ దాని ముందు నిలవవు.

లోఎండ్_కడప (కడప) · శుక్రవారం రాత్రి 9:22

రికార్డింగ్‌కి నేనూ అదే వాడతా అన్నా. కానీ చర్చిలో ల్యాప్‌టాప్ పెట్టి, పాట మధ్యలో అది అప్‌డేట్ అవుతానంటే ఏం చేస్తాడు?

నాలుగు_తంతులు (తాడిపత్రి) · శుక్రవారం రాత్రి 9:25

ప్రార్థన చేస్తాడు.

హంద్రీ_బాస్ (కర్నూలు) · శుక్రవారం రాత్రి 11:03

నాకు ల్యాప్‌టాప్ లేదు, ఆ గొడవ లేదు.

జూమ్ వైపే మనసు పోతోంది. ఒక చోట తొమ్మిది వేల లోపు చూశా. మరి ఎక్స్‌ఎల్‌ఆర్ లేదు కదా, డీఐ బాక్సు విడిగా కొంటే బడ్జెట్ దాటుతుంది. తంతులు కూడా కొనాలి. అడాప్టర్ దాంతో పాటు రాకపోతే ఇంట్లో పాత వైఫై రూటర్‌ది ఉంది, అది పెట్టొచ్చా?

సౌండ్‌బాక్సు (అనంతపురం) · శుక్రవారం రాత్రి 11:10

వద్దు వద్దు వద్దు. రూటర్ అడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులు, పిన్ మధ్యలో ప్లస్. పెడల్స్‌కి 9 వోల్టులు, మధ్యలో మైనస్. పిన్ సైజు ఒకటే కావడంతో సులువుగా దూరిపోతుంది, అదే ప్రమాదం. నేనే ఒకసారి ఒక స్నేహితుడి పెడల్‌కి పెట్టా. 'టిక్' అంది, ఒక రకమైన వాసన వచ్చింది, అంతే. డబ్బు నా జేబులోంచి పోయింది.

బీ1 ఫోర్‌కి 9 వోల్టులు, 500 మిల్లీ యాంప్స్ అడాప్టర్ కావాలి. అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, మధ్య చుక్కకి మైనస్ గుర్తు ఉందో లేదో చూసుకో. అప్పటిదాకా నాలుగు పెన్సిల్ సెల్స్ వేసుకో. జనరేటర్ మీద నడిచే ఫంక్షన్లలో సెల్సే మేలు, హమ్ ఉండదు.

డీఐ బాక్సు కొనే ముందు మీ చర్చి బీరువా వెతుకు. కీబోర్డ్ వాయించే చోట ఎక్కడో ఒకటి ఉండి తీరుతుంది. ఇనప పెట్టె, అరచేతి కన్నా కొంచెం పెద్దది, ఒక పక్క పీ-38 రంధ్రం, ఇంకో పక్క మూడు పిన్నులు. పాసివ్‌ది అయినా ఫర్వాలేదు. గిటార్ నేరుగా పెడితే దాని ఇన్‌పుట్ ఓమ్‌లు కాస్త తక్కువే గానీ, మధ్యలో జూమ్ ఉంటే ఆ భారం జూమ్ మోస్తుంది.

వేదిక నిర్వాహకుడు · శనివారం ఉదయం 8:00

అమ్మకాల గురించి అడుగుతూ ఇద్దరు ఇక్కడ పెట్టిన పోస్టులు అమ్మకాల విభాగానికి మార్చాం. ఫోన్ నంబర్లు బయట పెట్టవద్దు.

హంద్రీ_బాస్ (కర్నూలు) · తర్వాతి శనివారం రాత్రి 9:48

జూమ్ వచ్చింది. తంతులు మార్చా. రెండు రోజులు ఇంట్లో హెడ్‌ఫోన్‌తో వాయించా, అన్నం కూడా మర్చిపోయా. చెక్కకి చెవి ఆనించినప్పుడు నా ఎడమ చెయ్యి తంతుల మీద ఇంత జారుడు శబ్దం చేస్తోందని తెలియనే తెలియదు. ముందు అది సరిచేసుకోవాలి.

కానీ ఈరోజు ప్రాక్టీసులో పరువు పోయింది. డీఐ బాక్సు నిజంగానే ఉంది, కానీ కీబోర్డ్ అన్న వాడుతున్నాడు. సరే అని జూమ్ నుంచి నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌లో పెట్టా. దగ్గరలో ఉన్న కేబుల్ తీసి పెట్టా. సౌండ్ ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. బాస్ లేదు, కోరస్ ఎఫెక్ట్ నీడ మాత్రం వినపడుతోంది. హెడ్‌ఫోన్‌లో అంతా బాగుంది! పెట్టె పాడైపోయిందనుకుని చెమటలు పట్టాయి.

సౌండ్‌బాక్సు (అనంతపురం) · శనివారం రాత్రి 10:05

పెట్టె బంగారంలా ఉంది, నువ్వు పడుకో. ఆ కేబుల్ జాక్ చూడు. దాని మీద నల్ల గీతలు రెండున్నాయా, ఒకటా?

హంద్రీ_బాస్ (కర్నూలు) · శనివారం రాత్రి 10:11

రెండు.

సౌండ్‌బాక్సు (అనంతపురం) · శనివారం రాత్రి 10:20

అదీ సంగతి. రెండు గీతలంటే స్టీరియో జాక్. బీ1 ఫోర్‌కి అవుట్, హెడ్‌ఫోన్ రెండూ ఒకటే రంధ్రం, అది స్టీరియో. కొనలో ఎడమ, మధ్య రింగులో కుడి. మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఏం చేస్తుందంటే కొనలోంచి రింగుని తీసేస్తుంది. నీ బాస్ రెండు వైపులా ఒకటే, కాబట్టి ఒకదాన్నుంచి ఒకటి పోతే సున్నా. కోరస్ రెండు వైపులా వేర్వేరుగా ఉంటుంది, అందుకే నీడ మిగిలింది.

ఒక్క గీత ఉన్న మోనో పీ-38 కేబుల్ పెట్టు. కీబోర్డ్ అన్నని బతిమాలి రేపటికి డీఐ బాక్సు తీసుకో. హమ్ వస్తే బాక్సు మీద ఎర్త్ లిఫ్ట్ స్విచ్ మార్చి చూడు.

రిటైర్డ్_రిథమ్ (గుత్తి) · శనివారం రాత్రి 10:31

ముప్పై ఏళ్లలో నాకు ఇలా రెండుసార్లు జరిగింది. కారణం ఈరోజు తెలిసింది.

హంద్రీ_బాస్ (కర్నూలు) · ఆదివారం మధ్యాహ్నం 3:16

మోనో కేబుల్, డీఐ బాక్సు, కడప అక్క చెప్పిన ఒక్క ప్యాచ్. లోకట్ తీసేశా. మా సౌండ్ అన్న లో నాబ్ మధ్యకి తెచ్చి వదిలేశాడు, మళ్లీ ముట్టుకోలేదు. రెండో పాటలో డ్రమ్స్ వాయించే తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత అడిగితే, 'అన్నా, నువ్వు నా కిక్ డ్రమ్ మీద కాకుండా కొంచెం ముందు పడుతున్నావు' అన్నాడు. నాలుగేళ్లుగా ముందే పడుతున్నా కాబోలు, వాడికి ఇప్పుడు వినపడింది.

ఇంటికొచ్చాక అమ్మ ఫోన్‌లో లైవ్ చూశానని చెప్పి, 'ఈవారం నువ్వు కూడా వాయించావా?' అంది.

లోఎండ్_కడప (కడప) · ఆదివారం మధ్యాహ్నం 3:40

అమ్మకి నా నమస్కారాలు చెప్పు. మెట్రోనోమ్ కూడా ఆ పెట్టెలోనే ఉంది తమ్ముడూ.

నాలుగు_తంతులు (తాడిపత్రి) · ఆదివారం సాయంత్రం 4:02

బాగుంది. ఇప్పటికీ నా మాట బీడీఐ21యే. తాడిపత్రి వైపు వస్తే చెప్పు, ఉగ్గాని బజ్జీ తిని రెండూ పక్కపక్కన పెట్టి విందాం.

సౌండ్‌బాక్సు (అనంతపురం) · ఆదివారం సాయంత్రం 4:25

అంతా సరే. మరి కీబోర్డ్ అన్న దేనిలో పెట్టాడు?

హంద్రీ_బాస్ (కర్నూలు) · ఆదివారం సాయంత్రం 4:33

నా పాత పదిహేను మీటర్ల కేబుల్‌లో. మధ్యాహ్నం నుంచి ఫోన్ ఎత్తడం లేదు అన్నా.